కుప్పం టీమే ఎందుకు ఎప్పుడూ బస్సులో ఉండాలి?

ఎనిమిది ఊళ్లు, ఏడు శనివారాలు, ఒక కాలేజీ ఫుట్‌బాల్ లీగ్. షెడ్యూల్ వేయడం ఐదు నిమిషాల పని అనుకుంటున్నారా? ఒకసారి కాగితం, పెన్ను తీసుకుని కూర్చోండి.

ఐపీఎల్ షెడ్యూల్ వాట్సాప్‌లో పడగానే మనం చేసే పని ఒకటే. ఉప్పల్‌లో మ్యాచ్‌లు ఎప్పుడు, చెన్నైతో ఎన్నిసార్లు, ఆదివారం ఏది... అంతే. ఆ లిస్టు ఎవరు వేశారు, అలాగే ఎందుకు వేశారు అని మాత్రం ఎవరూ అడగరు. మన టీమ్ వరసగా మూడు మ్యాచ్‌లు ఓడినప్పుడు కోచ్‌ని తిడతాం, కెప్టెన్‌ని తిడతాం, పిచ్‌ని కూడా తిడతాం. షెడ్యూల్‌ని తిట్టేవాళ్లు తక్కువ. నిజానికి టేబుల్లో మూడో స్థానానికీ ఆరో స్థానానికీ ఉన్న తేడాలో కొంత భాగం టోర్నీ మొదలవకముందే, ఏదో ఒక ఆఫీసులో, ఒక లాప్‌టాప్‌లో తేలిపోయి ఉంటుంది.

పెద్ద లీగుల సంగతి తర్వాత చూద్దాం. ముందు మన ఊళ్లతో మొదలుపెడదాం.

మన దగ్గర కాలేజీ టోర్నీ అంటే ఎక్కువగా నాకౌటే. చీటీలు తీస్తారు, జంటలు కడతారు, ఓడినవాడు ఇంటికి. నిర్వాహకులకు ఇది చాలా సుఖం. ఎన్ని జట్లు వస్తే దానికి ఒకటి తక్కువ మ్యాచ్‌లు. 16 జట్లకు 15 మ్యాచ్‌లు, రెండు మూడు రోజుల్లో కప్పు ఇచ్చేసి టెంటు పీకేయొచ్చు. అదే 11 జట్లు వస్తే 5 జట్లకు బై ఇవ్వాలి, అంటే ఆడకుండానే రెండో రౌండు. ఎవరికి బై? మళ్లీ చీటీలే.

కానీ నాకౌట్‌లో ఒక లెక్క ఎవరూ చెప్పరు. మొదటి రౌండుతోనే సగం జట్ల కథ ముగుస్తుంది. కుప్పం నుంచి తిరుపతి దాకా వచ్చిన టీమ్‌ని ఊహించుకోండి. తెల్లవారుజామున లేచి, వి.కోట, పలమనేరు, చిత్తూరు దాటుకుంటూ నాలుగైదు గంటలు కూర్చుని వచ్చారు. కాళ్లు పట్టేసి ఉన్నాయి. గంటన్నరలో మ్యాచ్ అయిపోయింది, ఓడారు. మళ్లీ బస్సు. ఏడాదంతా ప్రాక్టీస్ చేసింది ఆ గంటన్నర కోసం. పక్క వీధి నుంచి నడిచి వచ్చిన టీమ్‌కీ వీళ్లకీ రూల్‌బుక్ ఒకటే. దాన్ని న్యాయం అనడానికి నాకైతే నోరు రాదు.

అందుకే లీగ్. ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడాలి. ఒకసారి ఓడినా ఇంకో ఆరు మ్యాచ్‌లుంటాయి. ఆట మెరుగుపడేది కూడా అలాగే. అనంతపురంలో ఆర్‌డీటీ పల్లె పిల్లల కోసం ఫుట్‌బాల్‌ని లీగ్ పద్ధతిలో ఆడిస్తున్నది ఊరికే కాదు. వారం వారం మ్యాచ్ ఉంటేనే పిల్లాడు వారం వారం గ్రౌండుకి వస్తాడు.

సరే, మనమూ ఒక లీగ్ పెట్టేద్దాం. ఇది ఉత్త ఊహే, ఇలాంటిది ఉందని ఎవరూ వెతుక్కోవద్దు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, పలమనేరు, పీలేరు, చిత్తూరు, తిరుపతి, శ్రీకాళహస్తి. ఊరికో కాలేజీ జట్టు, ఊరికో గ్రౌండు. ఏ కాలేజీ ఏ యూనివర్సిటీ కిందకి వస్తుందన్న పంచాయితీ పక్కన పెట్టండి. కుప్పంలో 1997లో పెట్టిన ద్రవిడ విశ్వవిద్యాలయమే ఉంది, మదనపల్లెలో 1915 నాటి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీ ఉంది. 1919లో ఠాగూర్ జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చింది అక్కడే. జాతీయగీతం దాకా వెళ్లిన ఊరికి ఒక లీగ్ ఎంత పని చెప్పండి.

ఎనిమిది చీటీల ఆట

ఎనిమిది జట్లు, అందరితో ఒక్కోసారి. అంటే మొత్తం 28 మ్యాచ్‌లు. వారానికి నాలుగు చొప్పున ఏడు వారాలు. జంటలు కట్టడానికి ఒక పాత చిట్కా ఉంది, పీఈటీ సార్లకు బాగా తెలుసు. ఎనిమిది చీటీలు రాసి, పైన నాలుగు, కింద నాలుగు పేర్చండి. పైనున్నది కిందున్నదానితో ఆడుతుంది. మొదటి వారం అయిపోయింది. ఇప్పుడు ఒక మూల చీటీని వేలితో నొక్కి పట్టుకుని, మిగతా ఏడింటినీ గడియారం తిరిగినట్టు ఒక్కో గడి జరపండి. రెండో వారం రెడీ. ఇలా ఏడుసార్లు. ఎవరూ ఎవరితోనూ రెండుసార్లు తగలరు, ఎవరూ మిగిలిపోరు. ఇంట్లో చేసి చూడండి, అచ్చం మ్యాజిక్‌లా ఉంటుంది.

మరి కష్టం ఎక్కడుంది? ఎంచుకోవడంలో ఉంది. ఎనిమిది జట్లను ఏడు వారాలకు జంటలుగా విడగొట్టే తీరులు 6,240 ఉన్నాయి. ఏ వారం ముందు, ఏ వారం వెనక అన్నది కూడా కలిపితే 3 కోట్ల 14 లక్షల 49 వేల 600. ఇక ప్రతి మ్యాచ్ ఎవరి ఊళ్లో అన్నది నిర్ణయించాలి కదా. 28 మ్యాచ్‌లకూ బొమ్మాబొరుసూ వేస్తే ఇంకో 26 కోట్ల పైచిలుకు దారులు. ఈ రెండూ హెచ్చవేయాలి. కాలిక్యులేటర్ తీయకండి, స్క్రీన్ పట్టదు. జట్లు పదైతే జంటల తీరులే 122 కోట్లు దాటిపోతాయి.

ఇన్ని దారుల్లో ఒకటి ఎంచుకుంటున్నాం అంటే, తెలిసో తెలియకో ఎవరికో ఒకరికి మేలు చేస్తున్నాం అనే అర్థం. ఆ చీటీల చిట్కానే చూడండి. అందులో ఒక కిటుకు దాగుంది. దాంట్లో ప్రతి జట్టుకూ ముందు నడిచే ‘నీడ జట్టు’ ఒకటి ఏర్పడుతుంది. ఉదాహరణకి పుంగనూరుకి ముందు తిరుపతి పడిందనుకోండి. ఈ వారం తిరుపతితో ఆడిన జట్టు వచ్చే వారం పుంగనూరుతో ఆడుతుంది. దాదాపు సీజనంతా ఇదే వరస. తిరుపతి మంచి ఫామ్‌లో ఉన్న మొరటు టీమ్ అయితే, పుంగనూరుకి వారం వారం దెబ్బలు తిన్న, చీలమండకి కట్టు కట్టుకున్న ప్రత్యర్థులే వస్తారు. పుంగనూరు టీమ్ ఏ పాపమూ చేయలేదు, ఏ పుణ్యమూ చేయలేదు. చీటీ ఆ గడిలో పడింది, అంతే.

మన ఊళ్లో ఎన్ని? బయట ఎన్ని?

సొంత గ్రౌండు బలం ఏంటో చెప్పక్కర్లేదు. తెలిసిన నేల, ఇంటి అన్నం, గేటు దగ్గర అరిచే ఫ్రెండ్స్. ఏడు మ్యాచ్‌లంటే బేసి సంఖ్య కాబట్టి సగం సగం రాదు. నాలుగు జట్లకు 4 హోమ్ మ్యాచ్‌లు, నాలుగింటికి 3. ఈ చిక్కు మనదే కాదు. రంజీ ట్రోఫీలో 32 ఎలీట్ జట్లను ఎనిమిదేసి చొప్పున నాలుగు గ్రూపులు చేస్తారు, అక్కడా ఒక్కో జట్టుకి ఏడే మ్యాచ్‌లు.

నాలుగో హోమ్ మ్యాచ్ ఎవరికివ్వాలన్నది ఒక తగువు. వచ్చే ఏడాది తిప్పి ఇస్తాం అంటే చాలామంది సరేనంటారు. అసలు తగువు వరస గురించి. ఈ వారం ఇంట్లో, వచ్చే వారం బయట, మళ్లీ ఇంట్లో అని మారుతూ ఉంటే బాగుంటుంది. వరసగా రెండుసార్లు బయటికి పోవాల్సి వస్తే అలసట, ఖర్చు, సోమవారం క్లాసులో నిద్ర. షెడ్యూళ్ల లెక్కలు చేసేవాళ్లు ఇలా వరస తప్పడాన్ని ‘బ్రేక్’ అంటారు.

ఒక్క బ్రేక్ కూడా లేకుండా అందరికీ వేయలేమా? వేయలేం. ఎందుకో నాలుగు ఊళ్లతో చూద్దాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, పలమనేరు.

మొదటి వారం: మదనపల్లెలో పుంగనూరు ఆడుతుంది, కుప్పంలో పలమనేరు ఆడుతుంది.
రెండో వారం: మదనపల్లె కుప్పానికి వెళ్తుంది, పుంగనూరు పలమనేరుకి వెళ్తుంది.
మూడో వారం: పలమనేరు మదనపల్లెకి వస్తుంది, కుప్పం పుంగనూరుకి వస్తుంది.

మదనపల్లెకు ఇల్లు, బయట, ఇల్లు. పలమనేరుకి బయట, ఇల్లు, బయట. ఇద్దరికీ చక్కగా కుదిరింది. కుప్పానికి వరసగా రెండు ఇంట్లో. పుంగనూరుకి వరసగా రెండు బయట. పుంగనూరోళ్లకి కోపం వస్తుంది, రావాలి కూడా. వాళ్లకీ మదనపల్లెలాగే ‘ఇల్లు, బయట, ఇల్లు’ ఇద్దాం అంటారా? అప్పుడు మదనపల్లె ఇంట్లో ఉన్న ప్రతి వారం పుంగనూరు కూడా ఇంట్లోనే ఉంటుంది. మదనపల్లె బయటికి పోయిన వారం పుంగనూరూ బయటే. మరి ఈ రెండూ ఒకదానితో ఒకటి ఎప్పుడు ఆడతాయి? మ్యాచ్ అంటే ఒకరు ఇంట్లో ఉండాలి, ఇంకొకరు రావాలి. ఇద్దరూ ఎవరింట్లో వాళ్లు కూర్చుంటే అది మ్యాచ్ కాదు, వీడియో కాల్.

కాబట్టి బ్రేక్ లేని వరసలు రెండే. ‘ఇల్లు-బయట-ఇల్లు’ ఒకటి, ‘బయట-ఇల్లు-బయట’ ఇంకొకటి. ఒక్కోదాన్ని ఒక్క జట్టుకే ఇవ్వగలం. మిగిలిన అందరికీ కనీసం ఒక బ్రేక్ తప్పదు. నాలుగు జట్లలో ఇద్దరికి, ఎనిమిదిలో ఆరుగురికి, పద్దెనిమిదిలో పదహారుగురికి. ఇది నిర్వాహకుల బద్ధకం కాదు, ఏ సూపర్ కంప్యూటర్ తెచ్చినా మారదు. ‘మాకే ఎందుకు సార్?’ అన్న ప్రశ్న ఎవరో ఒకరి దగ్గర్నుంచి వచ్చి తీరుతుంది. ఆ ప్రశ్నకి జవాబు ముందే సిద్ధం చేసుకున్న లీగ్ మంచి లీగ్.

తోక చివర ఉన్న ఊరు

ఇప్పుడు మ్యాప్ తెరవండి. పుంగనూరు మధ్యలో హాయిగా కూర్చుంది. ఒకపక్క మదనపల్లె, ఇంకోపక్క పలమనేరు, రెండూ బస్సులో ఒక సినిమా సగం కూడా పూర్తికానంత దూరం. కుప్పం చూడండి. రాష్ట్రం పటంలో తోకలా కిందికి దిగిన మూల. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. కేజీఎఫ్ దగ్గర, బంగారుపేట దగ్గర, వాణియంబాడి దగ్గర. మన లీగ్‌లో ఉన్న ఊళ్లు మాత్రం ఏదీ దగ్గర కాదు. ఉన్నవాటిలో దగ్గరిది పలమనేరు, అదే అరవై కిలోమీటర్లకు అటూఇటూ. మదనపల్లె వందకు అటూఇటూ. శ్రీకాళహస్తి అయితే రెండొందల దగ్గర.

అందరికీ సమానంగా మూడో నాలుగో బయటి మ్యాచ్‌లు ఇచ్చాం, న్యాయం చేశాం అని చేతులు దులుపుకుంటే ఎలా? పుంగనూరుకి మూడు ప్రయాణాలంటే పిక్నిక్. కుప్పానికి మూడు ప్రయాణాలంటే మూడు తెల్లవారుజాములు, మూడు అర్ధరాత్రులు. సంఖ్య సమానం, బతుకు సమానం కాదు.

ఏం చేయొచ్చు? ఒకటి, కుప్పానికి నాలుగు హోమ్ మ్యాచ్‌లు ఇచ్చేయడం, అందులోనూ దూరం జట్లను అక్కడికే రప్పించడం. కానీ అప్పుడు శ్రీకాళహస్తి వాళ్లు ‘మేం చేసిన తప్పేంటి’ అంటారు. రోడ్డు రెండు వైపులా ఒకటే పొడుగు మరి.

రెండు, ప్రయాణాలు కలపడం. కుప్పం టీమ్ ఒకసారి బయల్దేరితే శనివారం తిరుపతిలో, సోమవారం శ్రీకాళహస్తిలో ఆడి, రెండు మ్యాచ్‌లు ఒకే ట్రిప్పులో ముగించుకుని రావడం. ఇలా ప్రయాణాల దూరం తగ్గేలా టోర్నీ వేయడం ఎంత కష్టమో 2001లో ఈస్టన్, నెమ్‌హౌజర్, ట్రిక్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక లెక్కగా రాసి పెట్టారు. దానికి ‘ట్రావెలింగ్ టోర్నమెంట్ ప్రాబ్లం’ అని పేరు. చూడ్డానికి చిన్నగా ఉండే లెక్క, ప్రపంచంలో ఎంతోమంది కంప్యూటర్ సైన్స్ వాళ్లని ఏళ్ల తరబడి తిప్పలు పెట్టింది.

మన లీగ్‌లో ఈ ఉపాయానికి ఒక బిల్లు ఉంది. శనివారం తొంభై నిమిషాలు పరిగెత్తిన కుప్పం టీమ్ సోమవారం శ్రీకాళహస్తి ముందు నిలబడితే, అది శ్రీకాళహస్తికి బహుమతి. కుప్పం కష్టం తగ్గించబోయి శ్రీకాళహస్తికి మూడు పాయింట్లు చేతిలో పెట్టినట్టు. ఆ వారం తిరుపతికి ఏ లాభమూ లేదు, మరి తిరుపతి ఊరుకుంటుందా? షెడ్యూల్ అంటే దుప్పటి లాంటిది. తల దాకా లాగితే కాళ్లు బయటపడతాయి.

మూడు, ప్రో కబడ్డీ పద్ధతి. జాతర బండ్లలాగా లీగ్ మొత్తం ఊరూరా తిరగడం. పన్నెండు జట్లు ఈ వారం అహ్మదాబాద్, వచ్చే వారం ఇంకో ఊరు. 2024 జనవరిలో హైదరాబాద్ వంతు వచ్చింది. ప్రయాణాలు అందరికీ దాదాపు ఒకటే అవుతాయి. కానీ ఆ వారంలో సొంతూరి జట్టు వెంటవెంటనే మ్యాచ్‌లు ఆడేయాలి, తెలుగు టైటాన్స్ హోమ్ ఫ్యాన్స్ ముందు ఆడే సంబరం ఒక్క వారంతో సరి. ఆ వారం ఫామ్ లేకపోతే హోమ్ సీజన్ మొత్తం పోయినట్టే.

నన్నడిగితే కుప్పానికి నాలుగు హోమ్ మ్యాచ్‌లు శాశ్వతంగా ఇస్తాను, ఏడాదికోసారి తిప్పే రూల్‌లో దాన్ని కలపను. దానికి బదులు పుంగనూరుకి శాశ్వతంగా మూడు. పుంగనూరోళ్లు తిట్టుకుంటారు. కానీ వాళ్ల ప్రయాణాలన్నీ కలిపినా కుప్పంవాళ్లు శ్రీకాళహస్తికి ఒకసారి పోయి వచ్చినంత అవుతుందో కాదో. ఆ లెక్క నోటీసు బోర్డు మీద కిలోమీటర్లతో సహా అంటించాలి, అందరికీ కనిపించేలా.

క్యాలెండర్‌లో గంగమ్మ

జంటలు, హోమ్‌లు తేలాయి. ఇక తేదీలు. అక్టోబరు, నవంబరు వద్దు, మనకు వానలు అప్పుడే. సంక్రాంతికి హాస్టళ్లు ఖాళీ. సెమిస్టర్ పరీక్షలు సరేసరి. ఎండాకాలం మొదట్లో పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర. ఆ రోజుల్లో పుంగనూరులో ఇంకేదైనా జరుగుతుందా? ఊరూ, పోలీసులూ, బస్సులూ అన్నీ అక్కడే. మే వస్తే కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర, తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. అంటే మే నెలలో ఈ రెండు ఊళ్లలోనూ హోమ్ మ్యాచ్ పెట్టలేం. ఎండలు ఎలాగూ పెట్టనివ్వవు.

ఇదేదో పల్లెటూరి సమస్య అనుకోవద్దు. 2023 వరల్డ్ కప్ గుర్తుందా? అహ్మదాబాద్‌లో అక్టోబరు 15న అనుకున్న భారత్-పాకిస్తాన్ మ్యాచ్‌ని నవరాత్రి మొదలవుతోందని 14కి జరిపారు. ఒక్క మ్యాచ్ కదిపితే పేకమేడలా మిగతావీ కదిలాయి. పాకిస్తాన్-శ్రీలంక మ్యాచ్ హైదరాబాద్‌లో 12 నుంచి 10కి వచ్చింది. అక్కడ 9నే న్యూజిలాండ్-నెదర్లాండ్స్ మ్యాచ్ ఉంది. వరసగా రెండు రోజులు బందోబస్తు కష్టం అని హైదరాబాద్ క్రికెట్ సంఘం మొరపెట్టుకుంది, అయినా తేదీలు మారలేదు. అంతకుముందు ఉప్పల్‌లో పాకిస్తాన్ వార్మప్ మ్యాచ్ అయితే గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ కలిసి రావడంతో ప్రేక్షకుల్లేకుండానే నడిచింది. కోల్‌కతాలో శ్రీరామనవమి వల్ల ఐపీఎల్ మ్యాచ్‌లు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. పోలీసులు ఎంతమంది ఉన్నారన్నదే చాలాసార్లు షెడ్యూల్‌కి అసలు కెప్టెన్.

అమ్మాయిల లీగ్‌కి ఇంకో గడియారం ఉంటుంది. మ్యాచ్ ఎన్నింటికి అయిపోతుంది, చివరి బస్సు ఎన్నింటికి. సాయంత్రం నాలుగున్నరకి కిక్ ఆఫ్ అంటే ఎండ తగ్గి హాయిగా ఉంటుంది. కానీ కుప్పం అమ్మాయిలు మదనపల్లె నుంచి ఇల్లు చేరేసరికి ఏ టైమ్ అవుతుందో లెక్కేయండి. ఒకసారి అర్ధరాత్రి అయితే ఇంకోసారి ఇంట్లోవాళ్లు పంపరు, అక్కడితో ఒక ప్లేయర్ తగ్గినట్టే. కాబట్టి వాళ్ల మ్యాచ్ పొద్దున ఎనిమిదికి, ముందురోజు రాత్రి అదే ఊళ్లో బస. ఒక మంచి విషయం ఏంటంటే 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అంటే బయటి మ్యాచ్‌లకు అమ్మాయిల టీమ్ చార్జీ సున్నా. అబ్బాయిల టీమ్‌కే బడ్జెట్ కావాలి. కాలేజీ లీగుల చరిత్రలో ఇలా ఎక్కడైనా జరిగిందో లేదో!

అందరితో అందరూ ఆడలేనప్పుడు

ఎనిమిది జట్లకి ఏడు వారాలు సరిపోయాయి. లీగ్ బాగా నడిచి, పక్క ఊళ్ల కాలేజీలు కూడా చేరి పద్దెనిమిది అయ్యాయనుకోండి. పదిహేడు వారాలు ఎవరి దగ్గరున్నాయి? ఇక్కడే అసలు కథ మొదలవుతుంది. ఎందుకంటే ఇప్పుడు కొందరు కొందరితో ఆడరు. బలమైన జట్లని తప్పించుకున్నవాడు పైకి పోతాడు.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (వాళ్ల ఫుట్‌బాల్ వేరు, చేత్తో పట్టుకుని పరిగెత్తేది) సరిగ్గా ఇదే ఇరకాటంలో ఉంది. బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో 2024 నుంచి పద్దెనిమిది యూనివర్సిటీలు ఉన్నాయి. పేరులో పది, లెక్కలో పద్దెనిమిది. ఒక కొస న్యూజెర్సీ, ఇంకో కొస లాస్ ఏంజెలెస్. కుప్పం-శ్రీకాళహస్తి గొడవకి పెద్దన్న. సీజన్‌లో ఒక్కో జట్టుకి కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు తొమ్మిదే. ఎస్ఈసీ అనే ఇంకో కాన్ఫరెన్స్‌లో పదహారు జట్లు. 2026 నుంచి వాళ్ల పద్ధతి వినడానికి ముచ్చటగా ఉంటుంది. ప్రతి జట్టుకీ ముగ్గురు శాశ్వత ప్రత్యర్థులు, వాళ్లతో ఏటా ఆడాల్సిందే. మిగిలిన పన్నెండు మందిలో ఆరుగురు ఈ ఏడాది, ఆరుగురు వచ్చే ఏడాది. మొత్తం తొమ్మిది. రెండేళ్లలో అందరినీ చూసేస్తారు.

శాశ్వత ప్రత్యర్థులు ఎందుకంటే, కొన్ని మ్యాచ్‌లు లేకపోతే అసలు లీగే దండగ. మదనపల్లె-పుంగనూరు మ్యాచ్ ఒక ఏడాది లేదంటే జనం ఊరుకుంటారా? కానీ ఆ ముగ్గురిలో ఇద్దరు కొమ్ములు తిరిగిన జట్లైతే ఆ భారం ఏటా ఉంటుంది. పుంగనూరుకి పక్క ఊళ్లే శాశ్వతం, కుప్పానికి పక్క ఊళ్లే లేవు. అక్కడ ఎవరిని పెట్టాలి?

ఇది మనకు కొత్త బాధ కాదు. ఆంధ్ర క్రికెట్ జట్టు 1953-54లో రంజీలోకి వచ్చింది. 2002 దాకా గ్రూపులు జోన్ల వారీగానే. అంటే ఏటా సౌత్ జోన్‌లో కర్ణాటక, తమిళనాడు, హైదరాబాద్. అందులో రంజీ గెలిచినవాళ్లే ఎక్కువ. ఇంకో జోన్‌లో ఉంటే నాకౌట్ చేరగలిగిన జట్టు కూడా ఇక్కడ జోన్ దాటలేదు. దగ్గర ఊళ్లతో ఆడితే బస్సు చార్జీ మిగులుతుంది, కానీ దగ్గరివాళ్లందరూ ఛాంపియన్లే అయితే ఆ మిగిలిన చార్జీ ఎవరికి కావాలి? 2002-03 నుంచి జోన్లు తీసేసి ఎలీట్, ప్లేట్ అని బలాన్ని బట్టి విడదీశారు.

ఐపీఎల్‌లోనూ ఇంతే. పది జట్లు ఇంటా బయటా పూర్తిగా ఆడితే 90 మ్యాచ్‌లు కావాలి. 2022లో పది జట్లు అయినప్పుడు లీగ్ దశని 70కి ఆపారు. ప్రతి జట్టుకీ 14. ఐదుగురితో రెండేసిసార్లు, నలుగురితో ఒక్కోసారే. ఎవరితో రెండు, ఎవరితో ఒకటి అనేదానికి పాత టైటిళ్లు, ఫైనళ్ల లెక్కతో గ్రూపులు చేశారు. 2022లో సొంత గ్రూపులోని నలుగురితో రెండేసిసార్లు ఆడితే, 2023లో తిరగేసి అవతలి గ్రూపులోని ఐదుగురితో రెండేసిసార్లు ఆడారు. పాయింట్ల పట్టిక మాత్రం ఒకటే. ‘హోమ్’ అన్న మాటకి కూడా ఒక్కోసారి అర్థం మారుతుంది. 2025 మార్చి 30న సన్‌రైజర్స్ విశాఖలో ఢిల్లీతో ఆడింది. షెడ్యూల్ ప్రకారం అది ఢిల్లీ హోమ్ మ్యాచ్! విశాఖ జనం ఎవరి వైపు అరవాలో మీరే చెప్పండి. గెలిచింది మాత్రం ఢిల్లీయే.

ఎవరు వేయాలి?

అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగ్ షెడ్యూల్‌ని రెండు దశాబ్దాలకు పైగా, 2004 దాకా, హెన్రీ, హోలీ స్టీఫెన్సన్ అనే భార్యాభర్తలు వేశారు. పెద్ద కంపెనీ కాదు, ఆలూమగలు. కాలేజీల వైపు చూస్తే, తొమ్మిది యూనివర్సిటీల ఏసీసీ అనే కాన్ఫరెన్స్ బాస్కెట్‌బాల్ లీగ్‌కి 1997-98 సీజన్ షెడ్యూల్‌ని జార్జ్ నెమ్‌హౌజర్, మైఖేల్ ట్రిక్ వేసిచ్చారు. పైన ప్రయాణాల లెక్కలో చెప్పిన ఇద్దరే. వాళ్ల దారి ఏంటంటే, ముందు జట్ల పేర్లు మర్చిపోవడం. ‘ఇల్లు-బయట’ వరసలు తయారు చేయాలి, వాటిని ఒకదానితో ఒకటి కలపాలి, చివర్న మాత్రమే ఏ వరస ఏ జట్టుకో పేరు రాయాలి. ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. నెమ్‌హౌజర్ పనిచేసేది జార్జియా టెక్‌లో, ఆ తొమ్మిది జట్లలో జార్జియా టెక్ ఒకటి. అయినా మిగతా ఎనిమిది యూనివర్సిటీలు ఆ షెడ్యూల్‌ని ఒప్పుకున్నాయి. నియమాలన్నీ ముందే కాగితం మీద ఉంటే, లెక్క ఎవరు చేశారన్నది పెద్దగా పట్టింపు కాదు.

మన ఎనిమిది ఊళ్లకి అంత సరంజామా అక్కర్లేదు. మదనపల్లెలోనో కుప్పంలోనో ఇంజనీరింగ్ చదివే ఇద్దరు పిల్లలకి ఇస్తే, ఫైనలియర్ ప్రాజెక్టు కింద పైథాన్‌లో చేసి పెడతారు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లే చాలు. కష్టమైన భాగం కోడ్ కాదు. ఎనిమిది మంది పీఈటీ సార్లని ఒక గదిలో కూర్చోబెట్టి, ‘ఏది తప్పనిసరి, ఏది ఉంటే బాగుంటుంది’ అని రెండు వరసలు రాయించడం. జాతర రోజున పుంగనూరులో మ్యాచ్ వద్దు: తప్పనిసరి. వరసగా మూడుసార్లు ఎవరూ బయటికి పోకూడదు: తప్పనిసరి. శనివారమే కావాలి: ఉంటే బాగుంటుంది. జంటల లిస్టు చూపించకముందే ఈ రాత అయిపోవాలి, సంతకాలు కూడా. లిస్టు చూశాక ఎవరికైనా తన ఊరికి పనికొచ్చే రూలే న్యాయంగా కనిపిస్తుంది.

ఇంకొక్క రూల్ మాత్రం తప్పనిసరి వరసలో ముందే రాసేయాలి. చివరి వారం నాలుగు మ్యాచ్‌లూ ఒకే రోజు, ఒకే టైమ్‌కి మొదలవ్వాలి. 1982 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌లో జూన్ 25న పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడాయి. అల్జీరియా తన మ్యాచ్‌లన్నీ ముందురోజే ముగించేసింది. జర్మనీ ఒక్క గోల్‌తో గెలిస్తే ఇద్దరూ ముందుకెళ్తారు, అల్జీరియా ఇంటికి. పదో నిమిషంలో జర్మనీ గోల్ కొట్టింది. ఆ తర్వాత ఎనభై నిమిషాలు ఇద్దరూ బంతిని అటూఇటూ తోసుకుంటూ కాలక్షేపం చేశారు. అప్పట్నుంచి వరల్డ్ కప్ గ్రూపుల్లో చివరి మ్యాచ్‌లు ఒకేసారి పెడుతున్నారు. ఐపీఎల్ కూడా 2021 అక్టోబరు 8న లీగ్ చివరి రెండు మ్యాచ్‌లు ఒకే టైమ్‌కి ఆడించింది, అందులో ఒకటి సన్‌రైజర్స్‌ది.

ఆ చివరి శనివారం పొద్దున ఎనిమిదికి నాలుగు ఊళ్లలో విజిల్ మోగుతుంది. అందులో ఒక ఊరు కుప్పం. ఆ వారం బస్సెక్కేది అవతలివాళ్లు.